మోగని మిస్డ్ కాల్

"ఏటే హేమా, ఇంకా మెట్ల మీదే కూకున్నావ్? కొళాయొచ్చి పావుగంటయింది!"

చంకలో బిందె, చేతిలో బకెట్‌తో చిలకమ్మ పిన్ని గబగబా మెట్లు దిగిపోయింది. ఆ వెనకే ఇంకో ఇద్దరు. హేమశ్రీ తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. అమ్మ ఫోన్ తన ఒళ్లోనే ఉంది. అది మోగలేదు. ఇందాక ఒకసారి టింగుమంది కానీ, పాటలు కొనుక్కోమని కంపెనీవాళ్లు పంపే మెసేజ్ అనుకుని చూడలేదు. ఫోన్ మోగకుండా కొళాయి రావడమేమిటి?

గోపాలపట్నంలో ఆ వీధి కొండవాలు మీద ఉంది. వీధంటే రోడ్డు కాదు, మెట్లు. నూటపన్నెండు మెట్లు, వాటికి అటూ ఇటూ పదకొండు ఇళ్లు. మంచినీళ్ల కొళాయి మాత్రం అన్నిటికన్నా కింద, చలమయ్య తాత కొట్టు వెనకాల ఉంటుంది. రోజు విడిచి రోజు సాయంత్రం నీళ్లొస్తాయి. ఎన్నింటికి వస్తాయో ఆ కొళాయికే తెలియాలి. వస్తే అరగంట, మహా అయితే నలభై నిమిషాలు.

అందుకే చలమయ్య తాత ఒక ఏర్పాటు చేశాడు. నీళ్లు రాగానే హేమ వాళ్లమ్మ ఫోన్‌కి మిస్డ్ కాల్ ఇస్తాడు. రెండుసార్లు మోగి ఆగిపోతుంది. ఎత్తకూడదు, ఎత్తితే తాత బ్యాలెన్స్ కరిగిపోతుంది. అది మోగడమే తరువాయి, హేమ ప్రతి గుమ్మం ముందూ ఆగి, వీధి దద్దరిల్లేలా అరుస్తుంది.

"కొళాయొచ్చీసింది! కొళాయొచ్చీసింది!"

హేమ అరవందే ఈ వీధిలో బిందె కదలదని అందరూ అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా హేమకు ఏనుగెక్కినంత సంబరం.

మరి ఇవాళ అరిచిందెవరు?

అరిచిందెవరూ కాదని కాసేపటికి తెలిసింది. రెండిళ్ల కింద ఉండే సుమయ్యా వాళ్ల నాన్న ఖాదర్, ద్వారకా నగర్‌లో సెల్‌ఫోన్లు రిపేరు చేస్తాడు. ఆయన నిన్న ఇంటికి ఒక టచ్ ఫోన్ తెచ్చాడు. అది రెండు వేల తొమ్మిదో సంవత్సరం. బటన్లు లేని ఫోన్‌ని ఆ మెట్ల మీద అంతవరకూ ఎవరూ చూడలేదు. అప్పటికి ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక చిన్న ఫోన్ ఉంది కాబట్టి, ఖాదర్ అన్ని ఇళ్ల నంబర్లూ అందులో ఎక్కించాడు. ఇకనుంచి తాత మిస్డ్ కాల్ సుమయ్యాకి ఇస్తాడు. సుమయ్యా ఒక్కసారి నొక్కితే పదిళ్లకీ మెసేజ్ వెళ్లిపోతుంది.

"ఆడపిల్ల అన్నేసి మెట్లు ఎక్కి అరవక్కర్లేదని మా అబ్బా అన్నాడు," అని చెప్పింది సుమయ్యా నవ్వుతూ.

సుమయ్యా, హేమ ఇద్దరూ ఆరో తరగతే. రోజూ కలిసే బడికి వెళతారు. సుమయ్యా ఈ మాట మంచికే అంది. హేమకు మాత్రం కారం రాసినట్టు మండింది.

మర్నాడు బడి నుంచి వచ్చేసరికి వీధి పిల్లలంతా సుమయ్యా చుట్టూ మూగి ఉన్నారు. నిన్నటిదాకా వీళ్లే అమ్మ ఫోన్‌లో పాము ఆట ఆడనివ్వమని హేమ వెనకాల తిరిగారు. ఇప్పుడు ఒక్కడూ తల తిప్పి చూడలేదు.

"హేమా, రా. నువ్వూ ముట్టుకో. ఏలితో ఇలా తోస్తే బొమ్మలు జరిగిపోతన్నాయ్ సూడు. ఇందులో నెట్ కూడా ఒస్తాది. ఫొటో పెడితే ఎక్కడున్నోళ్లయినా సూడొచ్చట," అంది సుమయ్యా.

"నాకేం అక్కర్లేదు. గట్టిగా తోస్తే పగిలిపోద్ది," అంది హేమ. పగిలిపోతే బాగుండునని లోపల అనుకుంది కూడా.

ఇంటికెళ్లి అమ్మ దగ్గర కూర్చుంది. "అమ్మా, మనమూ టచ్ ఫోన్ కొందామా?"

"ముందు బిందె కొనాలి. సిల్లు పడింది," అంది అమ్మ.

బుధవారం మళ్లీ కొళాయి వచ్చే రోజు. సాయంత్రం నాలుగున్నరకి సుమయ్యా గుమ్మంలో కూర్చుని ఫోన్ చూసుకుంటోంది, హేమ ఎదురు మెట్టు మీద ఉంది. లోపలి నుంచి వాళ్లమ్మ జమాలున్నీసా పిలిచింది.

"హేమా, ఒక్క నిమిషం పట్టుకో," అని సుమయ్యా ఫోన్‌ని హేమ చేతిలో పెట్టి లోపలికి వెళ్లింది.

నల్లగా నున్నగా ఉంది ఫోన్. స్క్రీన్ మీద చిన్న గంట బొమ్మ కనిపిస్తోంది. నమాజుకు వెళ్లే ముందు ఖాదర్ ఆ గంటని నొక్కడం హేమ నిన్ననే చూసింది. నొక్కితే గంట మీద అడ్డగీత పడుతుంది. ఇక ఫోన్ మోగదు.

ఇది మోగకపోతే? తాత చూసి చూసి మళ్లీ మా ఫోన్‌కే చేస్తాడు. అప్పుడు నేనే అరుస్తాను. అందరికీ నీళ్లూ అందుతాయి, ఈ ఫోన్ పనికిరాదనీ తెలుస్తుంది.

ఇంత ఆలోచనా తెమిలేలోపే వేలు గంట మీద పడింది. గీత పడింది. హేమ ఫోన్‌ని కిటికీ గూట్లో బోర్లా పెట్టి, "కిటికీలో పెట్టేనే!" అని కేకేసి ఇంటికి వచ్చేసింది.

అమ్మ ఫోన్‌ని ఎదురుగా పెట్టుకుని కూర్చుంది. ఐదైంది. మోగలేదు. ఐదున్నర అయింది. మోగలేదు. హేమ కాలు కాలిన పిల్లిలా ఇంట్లో తిరిగింది. ఆరు కావొస్తుంటే అమ్మకే అనుమానం వచ్చింది.

"ఇంకా రాలేదేటే? ఎళ్లి సూసి రా."

హేమ కిందికి పరిగెత్తింది. కొళాయి కింద బండలు తడిసి ఉన్నాయి. కొళాయిలోంచి బొట్టు కూడా రావడం లేదు. నీళ్లు వచ్చాయి, వెళ్లిపోయాయి.

అప్పుడే సైకిల్ మీద సరుకులు వేసుకుని చలమయ్య తాత వచ్చాడు.

"తాతా, మిస్డ్ కాల్ ఇయ్యలేదా?"

"ఎందుకియ్యలేదు? నాలుగూ యాబైకి ఇచ్చేను. ఇచ్చీసి మార్కెట్‌కెళ్లేను."

"మరి... అది మోగకపోతే ఇంకో ఫోన్‌కి సెయ్యాలి కదా?"

తాత విచిత్రంగా చూశాడు. "మిస్డ్ కాల్ ఎవులైనా ఎత్తుతారేటే పిచ్చీ? మోగిందో మోగలేదో నాకెలా తెలుస్తాది?"

ఇన్నాళ్లూ తాతకి హేమ ఫోన్ నుంచీ ఎప్పుడూ జవాబు వెళ్లలేదు. ఆ సంగతి హేమకే తట్టలేదు.

పది నిమిషాల్లో వీధి వీధంతా ఖాళీ బిందెలతో సుమయ్యా గుమ్మం ముందు చేరింది. మళ్లీ నీళ్లు శుక్రవారమే. అందరికన్నా పై ఇంట్లో ఉండే సూర్యకళ అక్క అయితే దాదాపు ఏడ్చేసింది. రేపు పొద్దున్నే ఆమె బిడ్డకి బారసాల. పాతిక మంది చుట్టాలు వస్తున్నారు.

"పిల్లల సేతికి అంతంత ఫోన్లిత్తే ఇలాగే ఉంటాది," అంది చిలకమ్మ పిన్ని.

సుమయ్యా ఫోన్ పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "నాను కిటికీ కాడే కూకున్నాను పిన్నీ. మోగలేదు. గంట మీద గీత పడిపోయింది. నా సెయ్యే తగిలిందేమో."

"సరేలే," అన్నాడు చలమయ్య తాత. "ఇకనించి హేమావోళ్ల ఫోన్‌కే ఇత్తాను. ఆ పిల్లయితే ఏనాడూ తప్పలేదు."

హేమ కోరుకున్నది సరిగ్గా ఇదే. ఒక్క క్షణం మనసు గెంతింది కూడా. వెంటనే సుమయ్యా ముఖం కనిపించింది. హేమ తల దించుకుని ఇంటికి వెళ్లిపోయింది.

ఏడింటికి ఖాదర్ వచ్చాడు. తలుపులు తెరిచే ఉన్నాయి కాబట్టి ఆయన మాటలు హేమకు వినిపిస్తూనే ఉన్నాయి.

"నువ్వే సైలెంట్‌లో పెట్టేవా బేటీ?"

"తెలీదబ్బా. పెట్టేనేమో. నాకింక ఫోనొద్దు. నువ్వే తీసుకెళ్లిపో."

చెయ్యని తప్పు సుమయ్యా నెత్తిన వేసుకుంటోంది. ఇక హేమకు కూర్చోబుద్ధి కాలేదు. లేచి వాళ్ల గుమ్మంలోకి వెళ్లి నిలబడింది.

"మావయ్యా, అది సుమయ్యా కాదు. నానే. నానే గంట నొక్కేను."

"ఎందుకు?"

"అందరూ తన సుట్టూనే ఉన్నారని... నన్నెవులూ పిలవట్లేదని... కుళ్లొచ్చింది."

సుమయ్యా లోపలికి వెళ్లిపోయింది. ఖాదర్ కోప్పడలేదు. హేమ వైపు తిరిగి అడిగాడు.

"నా కూతురే సేసిందని ఎంతమంది అనుకుంటన్నారు?"

"వీధంతా."

"మరి నాకొక్కడికి సెప్తే సరిపోద్దా అమ్మా?"

హేమ కళ్లు తుడుచుకుంది. ముందు అమ్మకి చెప్పింది. అమ్మ నెత్తి మీద ఒక్కటి మొట్టి, తనూ వెంట బయలుదేరింది. ఒక్కో గుమ్మం ముందూ ఆగి, హేమ అదే మాట చెప్పింది. "సైలెంట్‌లో పెట్టింది నాను. సుమయ్యా కాదు." ఎప్పుడూ ఒక్క ఊపులో ఎక్కే మెట్లు ఆ సాయంత్రం ఎంతకీ తరగలేదు. చిలకమ్మ పిన్ని చీవాట్లు పెట్టింది. చలమయ్య తాత ముఖం తిప్పుకున్నాడు. సూర్యకళ అక్క మాత్రం ఖాళీగా ఉన్న నీళ్ల గాబు వైపు చూసింది. ఆ చూపే హేమకు ఎక్కువ బాధ కలిగించింది.

"అక్కా, కింది వీధిలో సన్యాసిరాజు గారింట్లో బోరుంది. అడిగి తెస్తాను. బిందె ఇయ్యి," అంది హేమ.

ఆయన ఒప్పుకున్నాడు. హేమ, అమ్మ చెరో బిందె ఎత్తుకున్నారు. రెండో విడత దిగేసరికి బోరు దగ్గర ఖాదర్, సుమయ్యా కూడా బకెట్లతో కనిపించారు. సుమయ్యా హేమ వైపు చూడలేదు. నాలుగో విడతలో మాత్రం, "నిండుగా పట్టకు. ఒలికిపోతన్నాయ్," అంది. అంతే అంది. సూర్యకళ అక్క ఇంట్లో గాబు నిండేసరికి హేమ చేతులు ఎర్రగా కమిలిపోయాయి.

బారసాల బాగానే జరిగింది. సుమయ్యా మాత్రం ఆ ఫోన్‌ని ముట్టుకోలేదు. తనకా పని వద్దంటే వద్దంది. చలమయ్య తాతకి వేరే దారి లేకపోయింది.

"ఇంకెవులున్నారు? నీకే ఇత్తాను. ఈసారి తిక్క పనులు సెయ్యకు," అన్నాడు హేమతో.

శుక్రవారం ఐదుంపావుకి అమ్మ ఫోన్ రెండుసార్లు మోగి ఆగింది. చిలకమ్మ పిన్ని గుమ్మంలోంచి హేమ వైపే చూస్తోంది. హేమ ఫోన్ పట్టుకుని లేచింది. అరవలేదు. రెండిళ్లు దిగి సుమయ్యా ఇంట్లోకి దూరింది.

"సుమయ్యా, మిస్డ్ కాలొచ్చింది. మెసేజ్ కొట్టు."

"నీకొచ్చింది కదా. నువ్వే ఎళ్లి అరుసుకో."

"నీకు రావాల్సింది అది. నువ్వు కొట్టేదాకా నాను కదలను. నీళ్లు ఆగిపోతే ఆగిపోనీ. ఈసారి కూడా నన్నే తిడతారు."

సుమయ్యా ఆమెను తేరిపార చూసింది. తర్వాత గూట్లో ఉన్న ఫోన్ తీసింది. నొక్కింది.

పైనా కిందా ఇళ్లలో ఫోన్లు టింగు టింగుమన్నాయి. తలుపులు తెరుచుకున్నాయి. బకెట్ల చప్పుడు మొదలైంది.

"సుమయ్యా! అందింది, వత్తన్నాం!" అని పైనుంచి సూర్యకళ అక్క కేకేసింది.

ఆ కేకలో హేమ పేరు లేదు. లోపలెక్కడో చురుక్కుమంది. నిజం చెప్పాలంటే బాగానే చురుక్కుమంది.

"సుమయ్యా, మీ బిందెలు ఎక్కడున్నాయ్? నాను వరసలో పెడతాను," అంది హేమ. రెండు బిందెలూ రెండు చేతుల్లో పట్టుకుని కిందికి పరిగెత్తింది. సుమయ్యా వాళ్ల బిందెలు ముందు పెట్టి, తను వాటి వెనకాల నిలబడింది.