ఎడమవైపు సీటు

“వదినా, ఇయ్యాల బేరం తెగాలె! షెడ్డు రేపటికల్లా ఖాళీ చెయ్యమంటున్నరు. తెగకుంటే ఆ కారును బజార్ల పెట్టుకొని ఏడుద్దమా?”

చెప్పులు విడవకుండానే గుమ్మంలోంచి కేకేశాడు మల్లన్న. నరసింహస్వామి పటం ముందు దీపం ఎగదోస్తున్న నీలమ్మ తల తిప్పి చూసింది. ఆమె అద్దెకున్న దేవిడీ, పాత నవాబుల బంగళా, చేతులు మారింది. కొత్త యజమాని వెనక ఉన్న షెడ్డు కూలగొట్టిస్తున్నాడు. గల్లీ వైపు గదుల్లో అద్దెకున్నవాళ్లు పగిడీ సొమ్ము ముందుగా కట్టుకుంటే ఉండవచ్చు, లేకపోతే లేదు. నీలమ్మ గదికి ఆరు వేలు అడిగాడు. పోయిన భర్త ఆమెకు మిగిల్చినదల్లా ఆ షెడ్డులో ఉన్న పాత కారు ఒక్కటే!

“ఆరు వేలు రావాలె మల్లన్నా. అంతకు తగ్గితే ఈ గది నాకు దక్కదు.”

“గది పోతే పోనీ! మా ఇల్లు లేదా? ఒక్కదానివి ఈడ ఉండి ఏం జేస్తవ్, గోడలతోని మాట్లాడ్తవా?”

మరిది మాటలో ప్రేమ లేకపోలేదు. కానీ ఆయన పోయిన కొత్తలో నీలమ్మ వాళ్లింట్లో ఉండి చూసింది. తోడికోడలు కాశమ్మ ఒక్క మాట అనలేదు, అన్నం ముందే పెట్టేది. అయినా తను గదిలోకి రాగానే నవ్వులు ఆగిపోయేవి... నలుగురి మధ్య ఉండే ఆ ఒంటరితనం కంటే లాల్ దర్వాజాలో తన గోడలే నయమనిపించింది ఆమెకు. ఆ గోడలైనా తనవి!

నిజానికి ఆ కారంటే నీలమ్మకు సవతితో సమానం. భర్త కృష్ణయ్య బస్సుల వర్క్‌షాపులో మెకానిక్కు. దేవిడీలో పాత నవాబుగారు పోయాక, తుప్పు పట్టిన ఆ విలాయతీ కారును ఎవరూ ముట్టుకోకపోతే ఈయన తెచ్చుకున్నాడు. పైకప్పు లేని కారు, రెండే సీట్లు, నేలకు ఆనుకున్నట్టుండే ఒళ్లు. తెచ్చిన రోజున “రా నీలా, నిన్ను గుట్టకు తీస్కపోత, స్వామి దర్శనం జేసుకొని వద్దాం” అని ఎంత సంబరంగా పిలిచాడు! అప్పటికే ఆమె ఎడమ మోకాలు వంగదు. ఏడో నెల కడుపుతో నయాపూల్ దగ్గర బస్సు దిగుతూ పడిపోయింది. బిడ్డా దక్కలేదు, కాలూ బాగుపడలేదు. అయినా ఆయన మాట కాదనలేక ఎక్కింది. గుంతలో పడ్డట్టు కూలబడింది. మళ్లీ లేవలేకపోయింది! గల్లీ గల్లీ అంతా విరగబడి నవ్వింది. నవ్వితే నవ్వారు, పరాయివాళ్లు... ఆయన కూడా నవ్వాడు!

ఆ రోజు ఒట్టు పెట్టుకుంది నీలమ్మ, ఆ షెడ్డు గడప తొక్కనని. తొక్కలేదు. ఆయన కూడా మళ్లీ రమ్మనలేదు. డ్యూటీ నుంచి రాగానే షెడ్డులోకి వెళ్లేవాడు. ఇనుము కోసిన చప్పుడు, సుత్తి చప్పుడు... అన్నం చల్లారిపోయేది. “అయిందా?” అని ఆమె గుమ్మంలోంచి అడిగేది. “ఇంగ కాలే” అని ఆయన జవాబు. ఏళ్ల తరబడి ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాల మాటలంటే అంతే! ఒకసారి మాత్రం ఆమె పీట మీద కూర్చొని చిక్కుడుకాయలు వలుస్తుంటే, పూలు కట్టే దారం తీసుకొని పీట ఎత్తు కొలిచాడు, కాలి పొడుగు కొలిచాడు, దారానికి ముడులు వేసుకున్నాడు. “ఎందుకు?” అంటే “నీకు మంచి పీట జేస్త” అన్నాడు. ఆ పీట ఎన్నడూ రాలేదు. పోయిన ఏడు, వర్క్‌షాపులో గుండె పట్టేసి పడిపోయిన రోజు పొద్దున ఆయన తనంతట తానే అన్నాడు, “అయిపొచ్చింది నీలా” అని. “అయితే నాకేంది?” అంది నీలమ్మ. ఆయనతో ఆమె ఆడిన చివరి మాట అదే!

“బండి యజమాని ఎదురుంగ ఉండాలంటున్నరు, నడువు వదినా” అన్నాడు మల్లన్న. ఇక ఒట్టు ఎవరి మీద? కొంగు తల మీదికి లాక్కొని నడిచింది.

షెడ్డులో ముగ్గురున్నారు. కృష్ణయ్య స్నేహితుడు, పాత కార్ల బేరాలు కుదిర్చే ఖాజా మియా. కొనవచ్చిన సోమశేఖర్, కోస్తా నుంచి వచ్చి ఇక్కడ ఇంజనీరుగా ఉన్న కుర్రాడు. అతని భార్య సావిత్రి, నిండు గర్భిణి, నడుం మీద చెయ్యి పెట్టుకొని నిలబడి ఉంది.

ఖాజా మియా ఇంజను స్టార్టు చేసి, కళ్లు మూసుకొని విన్నాడు. రేకు మీద వేలితో కొట్టి చూశాడు. “అంబాసిడర్ ఇంజన్ ఏసిండు, మగర్ దిల్ సాఫ్ ఉన్నది. పైన మడిచే హుడ్డు ఉస్మాన్‌గంజ్ తాటిపత్రి, సుక్క నీళ్లు దిగవ్. చక్రాలు కొత్తయి. ఆరు వేలు వాజిబ్ ధర సాబ్.”

సోమశేఖర్ తల అడ్డంగా ఊపాడు. “ఇంజను సంగతి సరే, ఒప్పుకుంటాను. కానీ ఈ ఎడమ పక్క చూడండి! తలుపు కోసి వెడల్పు చేశారు. సీటు జానెడు ఎత్తు లేపారు. ముందు రేకు కూడా కోసి పొడిగించారు, ఎందుకో మరి! అసలు రూపమంతా పాడు చేశారండి. ఇదంతా పీకించి మళ్లీ వేయించాలంటే రెండు వేలు నాకు చేతి చమురు.”

ఖాజా మియా గడ్డం నిమురుకున్నాడు. “సాబ్ చెప్పేది సచ్ బెహన్. పాత బండికి అసలు సామానుకే ఖీమత్. ఎందుకు కోస్తున్నవ్ కిష్టన్నా అని నేను మస్తు సార్లు అడిగిన. ‘పనున్నది భాయ్’ అనుడే, ఇంగో మాట లేదు.”

వెల నోటితో చెప్పుకోవడం అక్కడి ఆనవాయితీ కాదు. మెడలోని రుమాలు తీసి పరిచాడు ఖాజా మియా. దాని కింద కొనేవాడు అమ్మేవాడి వేళ్లు పట్టుకుంటాడు. ఎన్ని వేళ్లో అన్ని వేల రూపాయలు. చెయ్యి కలిసిందంటే ఇక తిరుగు లేదు. ఆడమనిషి మగవాడి చెయ్యి పట్టడం ఎట్లా? నీలమ్మ తరఫున మల్లన్న చెయ్యి పెట్టాడు. రుమాలు కింద కదలిక ఆమెకు కనిపిస్తూనే ఉంది. నాలుగు వేళ్లు! మల్లన్న పెనుగులాడలేదు, చెయ్యి కలపడమే తరువాయి. గది పోతే వదిన తమ ఇంటికే వస్తుంది కదా అనుకున్నాడో ఏమో... ‘స్వామీ! నా కాపురం మొత్తానికి నువ్వు కట్టిన వెల ఇంతేనా?’ అనుకుంది నీలమ్మ.

“అబ్బ, ఇంక నిలబడలేనండీ” అంటూ సావిత్రి ఆ ఎడమ సీటు అంచున కూర్చుంది. చేతికి తగిలిన పిడిని ఊరికే నొక్కింది. అంతే! సీటు మెల్లగా లోపలికి తిరిగి, ఆమెను ముందుకి చూసేట్టు కూర్చోబెట్టింది.

“ఏమండోయ్! ఇటు చూడండి! మన స్కూటరు ఎక్కాలంటే ప్రాణం పోతోంది కదా, దీంట్లో వంగక్కర్లేదు, దూకక్కర్లేదు. దానంతట అదే తిప్పి కూర్చోబెట్టింది! ఎవరి కోసం చేయించారు పిన్నిగారూ ఇది?”

నీలమ్మ ఒక అడుగు ముందుకేసింది. సావిత్రి దిగి చెయ్యి అందించింది. “మీరూ కూర్చోండి.”

కూర్చుంది. ఆ ఎత్తు... తన వంటింటి పీట ఎత్తు! సీటు తిరిగింది. వంగని ఎడమ కాలు దానంతట అదే ముందుకు సాగి, కోసి పొడిగించిన ఆ రేకులోకి వెళ్లి హాయిగా ఒదిగింది. ఇటు ఒక అంగుళం లేదు, అటు ఒక అంగుళం లేదు. కింద చెయ్యి పెడితే ఏదో తగిలింది. సీటు కమ్మీకి కట్టిన పూల దారం. దానికి ముడులు!

“అయ్యో... అయ్యో నా తండ్రీ!” నీలమ్మ బావురుమంది. “నాకోసం జేసినవా? నేను సవతి అనుకుంటి... ఇన్నేండ్లు తిట్టుకుంట కూసుంటి! ఒక్క మాట చెప్తే ఏం బోయింది నీది?”

మల్లన్న రుమాలు కింది నుంచి చెయ్యి లాక్కున్నాడు. “బేరం వద్దు సార్! వదినా, తప్పయింది... నువ్వు మా ఇంటికి రావాలెనని తొందరపడ్డ. మా అన్న పనికి ఎల కట్టనీకి నేనెవన్ని?”

నీలమ్మ కళ్లు తుడుచుకుంది. “వద్దు మల్లన్నా. రేపటికి షెడ్డు ఉండదు. బాబూ, మీ లెక్కల అది ఖరాబే, మీరు అన్నది తప్పు కాదు. నాలుగుకే తీస్కపోండ్రి. ఒక్క మాట ఇయ్యుండ్రి నాకు. ఈ సీటు పీకకుండ్రి, ఈ రేకు అతకకుండ్రి.”

“వదినా, గది?” అన్నాడు మల్లన్న.

“పోనీ.”

సోమశేఖర్ ఏదో అనబోయాడు. సావిత్రి అననివ్వలేదు. “మగాళ్ల బేరం అయింది కదా, ఇక ఆడవాళ్ల బేరం కానివ్వండి” అంటూ వచ్చి నీలమ్మ పక్కన నిలబడి, తన పమిట ఆమె చేతి మీద కప్పింది. మెత్తటి చల్లటి చెయ్యి. ఆ చెయ్యి నీలమ్మ వేళ్లు ఐదూ కలిపి గట్టిగా పట్టుకుంది. వదిలి, మళ్లీ ఒక వేలు పట్టుకుంది.

నీలమ్మ ఉలిక్కిపడి ఆ పిల్ల ముఖంలోకి చూసింది.

“ఇంతకీ ఎంత అన్నావే?” అన్నాడు సోమశేఖర్ కంగారుగా.

“ఇందాక ఖాజా మియాగారు చెప్పినంతే. మీ జేబులో సరిపడానే ఉందిలెండి. రేపు చంటిబిడ్డతో ఎక్కి దిగేది మీరా, నేనా? నాకు ఇదే అసలు సామాను!”

“హాత్ మిల్ గయా, బాత్ ఖతం!” అని ఖాజా మియా రుమాలు దులిపి మెడలో వేసుకొని, కళ్లు ఒత్తుకున్నాడు.

హుడ్డు మడిచి కారు గల్లీ దాటింది. ఎడమ సీట్లోంచి సావిత్రి వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. నీలమ్మ కూడా ఊపింది, మలుపు తిరిగినా కాసేపు ఊపుతూనే ఉంది.

“కాశమ్మను పంపుతనే, నాలుగు దినాలు తోడుంటది” అన్నాడు మల్లన్న. “రమ్మను. అన్నం నేను పెడ్త” అంది నీలమ్మ. అతను నవ్వి, తల వంచుకొని వెళ్లిపోయాడు.

దీపాల వేళయింది. ఏడాదిగా లేనట్టే షెడ్డు వైపు నుంచి ఏ చప్పుడూ లేదు. సుత్తి లేదు, ఆకురాయి లేదు... ఇన్నేళ్లు విసిగించిన ఆ చప్పుడే తనకు తోడుగా ఉండేదని ఇప్పుడు తెలిసింది నీలమ్మకు! దీపం వెలిగించి, విప్పి తెచ్చుకున్న పూల దారాన్ని స్వామి పటం పక్కనున్న ఆయన ఫొటోకు చుట్టింది. ఒక్క మాటతో తీరే, ఆ రోజు నవ్విన తప్పుకు ఆ మనిషి చేత ఇన్నేళ్లు ఇనుము కోయించావేం స్వామీ? ఒక్క అడుగుతో తెలిసే సంగతికి నన్ను ఇన్నేళ్లు గుమ్మంలోనే నిలబెట్టావేం? కృష్ణయ్య ఎప్పటిలాగే ఫొటోలోంచి, జవాబు కోసం చూస్తున్నట్టు చూస్తున్నాడు.

గోడకు ఆనుకొని, చాపిన కాలు నిమురుకుంటూ నీలమ్మ మెల్లగా చెప్పింది.

“అయిందయ్యా... కూసున్న. మంచిగున్నది.”