జిరాక్స్ కాయితం మీద మొఖం

ఎల్లారెడ్డిల ఒక ఆఫీసుంది. ఏ ఆఫీసని అడగకుండ్రి, చెప్పను. పొద్దుగూకినంక దాని ఎనుక అర్రలకు ఎవ్వరు పోరు. అండ్ల ఒక పాత జిరాక్స్ మిషన్. పదేండ్లు దాన్ని నడిపిన పోచన్న పోయినేడు జరమొచ్చి సచ్చిపోయిండు. అప్పటిసంది ఆ మిషన్ల తీసిన కాయితాల మూలకు ఒక మచ్చ పడుతుంది. జరంత దూరం పెట్టి చూస్తే... అది మొఖం.

ఈ ముచ్చట నాకు కామారెడ్డి మెకానిక్ స్వామిదాసన్న చెప్పిండు.

వానకాలంల ఆఫీసోళ్లు ఫోన్ చేస్తె, ఆయన పోయేసరికి చీకటైంది. అటెండర్ రాజలింగు అర్ర తలుపు తీసి గడప కాడనే ఆగిండు. లోపట మిషన్ పక్కన ఒకామె కూసోనుంది. పోచన్న పెండ్లాం నాగవ్వ. లింగంపేటల బీడీలు చేస్తది.

ఆమెకు పోచన్న నౌకరీ కాయితాల కాపీలు కావాలె. పింఛన్ దరఖాస్తుకు రేపే ఆఖరు. అసలు కాయితాలు ఆఫీసు గడప దాటనియ్యరు. మచ్చ పడ్డ కాపీలు చెల్లవని పింఛనోళ్లు మూడుసార్లు తిప్పి పంపిన్రట.

స్వామిదాసన్న ఒక కాపీ తీసిండు. కుడి మూలకు బూడిద రంగుల... కండ్లు, మీసం.

కాయితం పెట్టే అద్దం స్పిరిట్‌తోటి తుడిచిండు. మళ్ల అదే. లోపట అచ్చు ఒత్తే డ్రమ్ము మీద గీత పడితే మచ్చ కాయితం పొడుగూత రావాలె, ఇది ఒక్క మూలకే ఉంది. అయినా డ్రమ్ము మార్చిండు. టోనర్ పొడి మార్చిండు. మళ్ల అదే మొఖం.

బయట వాన దంచుతుంది. నాగవ్వ మిషన్ మీద చెయ్యేసి, గొంతు తగ్గించి అన్నది —

"నీ కాయితమే గదయ్యా... రానియ్యి."

ఇరువై ఏండ్ల సంది మిషన్లు బాగుచేస్తున్న మనిషి. అసుంటోనికి సుత ఇగ ఏం చెయ్యాల్నో తోచలే. అద్దం మీద ఏం పెట్టకుండ మూత మూసి బటన్ ఒత్తిండు. ఏం పెట్టకపోతే తెల్ల కాయితమే రావాలె.

కాయితం మెల్లగ బయటికి వచ్చింది...

పోచన్న. పూర మొఖం. సూటిగ చూస్తుండు.

రాజలింగు బయటికి ఉరికిండు. స్వామిదాసన్న ఆ కాయితాన్ని బల్ల మీద పెట్టిండు. జరసేపటికి ఒక ఆలోచన తట్టింది — అద్దం మీద ఏం లేనప్పుడు మిషన్ దేన్ని చూస్తది?

మూతను.

పైన ఫైళ్ల అర అడ్డం ఉండి ఆ మూత సగమే లేస్తది. దాని లోపలిదిక్కు ఎవ్వరు చూసినోళ్లు లేరు. ఆయన మోకాళ్ల మీద కూసొని, ఫోన్ లైట్ ఏసి కిందికెళ్లి పైకి చూసిండు. మూలకు ఒక పాస్‌పోర్ట్ ఫోటో. చెమ్మకు మూతకే అతుక్కపోయి ఉంది. పలుచటి కాయితం పెడితే చాలు, ఎనుకకెళ్లి ఆ మొఖం అవుపడుతుంది.

నాగవ్వకు అప్పుడు యాదికొచ్చింది. దవఖాన కార్డుకు కాపీలు తీసుకొస్తనని పోచన్న జరంతోనే ఆఫీసుకు వచ్చిండట. ఇంటికొచ్చి ఫోటో ఏడ పడ్డదో అని జేబులన్ని దేవులాడిండట. మళ్ల మిషన్ కాడికి రానే లేదు.

స్వామిదాసన్న గోటితోటి అంచు లేపబోయిండు. చినిగింది.

"సక్కగ రాదక్కా. గోకి తియ్యాలె. తియ్యకుంటె నీ కాపీ రాదు."

ఆమె బల్ల మీదున్న బొమ్మ కాయితం మడిచి కొంగుల ముడేసుకున్నది. తర్వాత చెయ్యి చాపింది.

"ఆ తడిబట్ట ఇటియ్యి తమ్మీ. నేనే తీస్త."

మోకాళ్ల మీద కూసొని, మెడ ఎత్తి, ముక్క ముక్క తీసింది. ముందుగాల నొసలు. తర్వాత మీసం. కండ్ల కాడికొచ్చేసరికి చెయ్యి ఆగింది... మళ్ల కదిలింది.

తర్వాత తీసిన కాపీ తెల్లగ వచ్చింది. ఎంత తెల్లగ అంటె, స్వామిదాసన్న దాన్ని ఆమె చేతికియ్యడానికి ఎనుకాడిండట. నాగవ్వ తీసుకొని, అక్షరాలు చూడలే. ఆ కుడి మూలనే వేలితోటి తడుముకుంట నిలవడ్డది.