మొదట పలికే గొంతు

"ఈ పిల్లకి ఏదైనా అయినా సరే, ఈ గోడ 'బాగానే ఉన్నానమ్మా' అనే అంటుందేమో!"

చంద్రుడి మీది కాలనీలో, వంటగదిలో ఒంటరిగా నిలబడి తులశమ్మ పైకే అనేసింది. నిజానికి ఏమీ జరగలేదు. జరగకముందే భయపడటం ఆమెకు అలవాటు.

ఆ ఇళ్లలో స్విచ్చులుండవు. నోటితో అంటే చాలు, గోడలోని కంప్యూటర్ ఆ మాటను కొన్ని చోట్ల వరుసగా వెతుకుతుంది. ఆ వరుసనే 'పిలుపుదారి' అంటారు. ముందు ఎక్కడ దొరికితే అక్కడే ఆగిపోతుంది, ఆపై చోట్లకు పోదు. "హిమజా" అని పిలిస్తే ముందుగా దొరికేది గోడలో దాచి ఉంచిన కూతురి గొంతు; ఎప్పుడు పిలిచినా 'బాగానే ఉన్నానమ్మా' అనే అంటుంది. అసలు హిమజ పనిచేసే పంటల సొరంగం వరుసలో చిట్టచివర ఉంది. తల్లి పడుకున్నాక వచ్చి, లేవకముందే వెళ్లిపోయే పిల్ల.

"గోడా! పిలుపుదారి, పంటల సొరంగం," అంది తులశమ్మ, ఈసారి పిలుపు అసలు పిల్లకే చేరాలని.

"సరే."

"ఇప్పుడు కాస్త టీ పెట్టు."

"దొరకలేదు."

"తలుపు తియ్యి."

"దొరకలేదు."

"నీ దుంప తెగ! పాత వరుసే ఉంచవే తల్లీ!"

"దొరకలేదు."

సొరంగాన్ని పాత వరుసకు ముందు చేర్చమనాల్సింది. ఆమె అన్న తీరుకి పాత వరుసంతా చెరిగిపోయి, సొరంగం ఒక్కటే మిగిలింది. ఇంట్లోకి గాలి పంపే యంత్రాలకు మాటతో పనిలేదు కాబట్టి సరిపోయింది.

"హిమజా!"

గోడ 'దొరకలేదు' అనలేదు. 'బాగానే ఉన్నానమ్మా' అనీ అనలేదు.

 భూమ్మీద, భీమడోలులో అద్దె వాటాలో ఉన్నప్పుడూ ఇంతే. అన్నం చల్లారిపోతుంటే పిలిచి పిలిచి గొంతు పోయేది. పెరట్లో బురదతో ఆడుకుంటూ ఆ పిల్ల "ఆఁ... వస్తన్నా" అని సాగదీసేది గానీ వచ్చేది కాదు. ఎంత తిట్టుకునేదో! ఇక్కడికొచ్చాక ఒకసారి బదులు ఆలస్యమైతే, సొరంగం తలుపు బాది నలుగురిలో ఏడ్చింది. ఆ రోజే, పిలవగానే బదులు రావాలని, దాచిన గొంతును వరుసలో ముందు పెట్టించింది. ఎవరో కాదు, తనే.

ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. తెరుచుకోని తలుపుకి ఆనుకుని నేలమీద కూలబడింది.  టీ గిన్నె పొయ్యి మీద చల్లగా ఉంది. ఆమె మళ్లీ పిలవడానికి కూడా భయపడింది.

చాలాసేపటికి గోడలోంచి గరగరమని చప్పుడైంది.

"ఆఁ... ఉండమ్మా, చేతులనిండా మట్టి. సొరంగం తలుపు బాదిన రోజు నుంచీ ఒక్కసారైనా పిలవలేదేం? నామీద కోపమేమో అనుకున్నా."