ఆపిన గోలీ

పొద్దున్నే బిడ్డకు జడ వేస్తూనే ప్రవళిక మొగుణ్ని తొందరపెడుతోంది. భూమేష్‌కు గుండెపోటు వచ్చి, స్టెంట్ వేసి మూడు నెలలైంది. గుండె ఎంత కోలుకుందో ఎకో తీసి చూస్తామని డాక్టర్ రమ్మన్న రోజు ఇదే.

"ఉడుకబెట్టిన పసుపు కళ్లంల ఎండుతున్నది. వాడు పోతె ఎవలు తిప్పుతరే? రేపు పోరాదుండ్రి?" అంది అత్త నీలవ్వ.

"పసుపు ఒక్కనాడు తిప్పకుంటె ఏం గాదత్తమ్మా. మీ కొడుకు పానం చూస్కోవద్దా?"

నీలవ్వ మూతి తిప్పుకుంది.

నిజామాబాద్ దవాఖానలో డాక్టర్ తెర మీద చూపించాడు. గుండె గోడ ఒక పక్క సరిగా కదలడం లేదు. "గుండె పంపింగ్ నలభై ఐదు శాతం ఉండె, ముప్పైకి పడ్డది. స్టెంట్‌ల మళ్ల గడ్డ కట్టినట్టున్నది. గోలీలు ఆపినవా?"

"రక్తం పల్చగయ్యే గోలీ ఒక్కటి సార్... నలభై రోజులాయె," అన్నాడు భూమేష్ తల వంచుకుని.

డాక్టర్ గోలీ అక్కడే మింగించాడు. ఇప్పుడు నొప్పి లేదనడంతో, బట్టలు సర్దుకుని సాయంత్రంలోగా వచ్చి చేరమన్నాడు.

ఆర్మూర్‌లో ఇంట్లో అడుగు పెట్టగానే ప్రవళిక అత్త మీద విరుచుకుపడింది. "గోలీ ఆపమన్నది మీరే గద! కూలోళ్లకు సమానంగ ఆయనతోని కోత కోయించిండ్రు. కొడుకు కంటె పసుపే ఎక్కువాయె మీకు!"

"నోరు జారకు పిల్లా!"

"అమ్మ గాదు," అన్నాడు భూమేష్ నెమ్మదిగా. "నువ్వే అన్నవ్."

"నేనా?"

"పసుపాకు కోస్తుంటె కొడవలి తగిలి చెయ్యి తెగింది గద. ఎంత పసుపద్దినా నెత్తురు ఆగలే. నువ్వు ఏడ్సుకుంట, జర నాలుగు రోజులు గా గోలీ వేస్కోకు అన్నవ్. మళ్ల వేస్కొమ్మని అనలే. నాగ్గూడ మంచిగనే ఉన్నట్టుండె."

ప్రవళికకు అప్పుడు గుర్తొచ్చింది. అన్నది. ఆ నెత్తురు చూసి గుండె జారిపోయి అన్నది. గాయం మానగానే ఆ మాటే మరిచిపోయింది. ఈ మూడు నెలలూ ఆయన శ్వాసను కూడా లెక్కపెట్టుకుంటూ పడుకున్న తను, ఆ గోలీ మళ్లీ వేసుకుంటున్నాడా అని మాత్రం అడగలేదు.

ఇక అత్త తనను కడిగేస్తుందనుకుంది. నీలవ్వ మాత్రం గోడకు ఆనుకుని కూలబడింది.

"నేను గూడ ఆడనే ఉన్న. గోలీ ఆపొద్దని అనలే. గాయం మానకుంటె కోతకు మనిషి తక్కువైతడని ఊకున్న."

 నీలవ్వే లేచి సంచీలో కొడుకు లుంగీలు పెట్టింది. "పిల్లను పక్కింటి ముత్తెమ్మ కాడ ఇడిసి రా. నేనూ వస్త."

"మీరెందుకత్తమ్మా?"

"ఎవలు ఆపమన్నరని డాక్టర్ అడుగుతడు. నువ్వొక్కదానివే ఎట్ల చెప్తవ్?"

అంతవరకూ బిగబట్టిన ఏడుపు ప్రవళికకు అప్పుడొచ్చింది.