పచ్చదీపం మిణుకుతుండగా

వాకిట్లో బూట్లు విప్పుతున్న చప్పుడైంది. ఒక జత కాదు, నాలుగు జతలు!

"పెరిజాత్! మీ అత్త వాళ్లొచ్చారే. సమోవార్ పెట్టు, తొందరగా!" వంటింట్లోంచి నాయనమ్మ కేకేసింది.

మంచుకొండల నడుమ ఉన్న నారిన్ ఊళ్లో ఏ ఇంట్లోనైనా అంతే. చుట్టాలు కోట్లు విప్పేలోగా టీ నీళ్లు మరగాలి. లేకపోతే ఇంటి పరువు పోయినట్టే. పదేళ్ల పెరిజాత్‌కి ఆ సంగతి బాగా తెలుసు. వంటింటి ప్లగ్గుకి రొట్టెల ఓవెన్ తగిలించి ఉంది. అందుకని టీ నీళ్లు కాచే కరెంటు సమోవార్‌ని ముందుగదిలోకి మోసుకొచ్చింది.

అక్కడ రెండు ప్లగ్గులున్నాయి. ఒకటి రూటర్‌ది, రెండోది డబ్బాది.

డబ్బా అంటే హార్డ్ డ్రైవ్. రూటర్‌కి తగిలించి ఉంటుంది. ఇంట్లోవాళ్ల ఫోటోలూ వీడియోలూ అన్నీ అందులోనే. పోయిన చలికాలంలో చనిపోయిన తాతయ్య గొంతు కూడా అందులోనే. నాయనమ్మ రోజూ టీ వేళకి టీవీలో పెట్టించుకుని ఆ గొంతు వింటుంది.

ఆ ఉదయమే నాన్న తన పాత ఫోన్లో మిగిలిన తాతయ్య రికార్డింగులను డబ్బాలోకి పంపడం మొదలుపెట్టాడు. "పచ్చదీపం మిణుకుతున్నంతసేపూ దాన్ని ముట్టుకోకమ్మా" అని మరీ చెప్పి పనికెళ్లాడు.

దీపం ఇంకా మిణుకుతూనే ఉంది.

"ఐదు నిమిషాలేగా!" అనుకుంది పెరిజాత్. డబ్బా ప్లగ్గు పీకేసి సమోవార్‌ది పెట్టింది.

టీ అయింది, కబుర్లయ్యాయి, చుట్టాలు వెళ్లారు. డబ్బా ప్లగ్గు మళ్లీ పెడితే ఎర్రదీపం వెలిగింది. డబ్బాకి ఏదో అయిందని పెరిజాత్‌కి అర్థమైంది. ఆ ఎర్రదీపం ఎవరికీ కనపడకుండా ఏదైనా కప్పేయాలనుకుంది.

నాయనమ్మకు ఇంట్లో ప్రతి యంత్రానికీ పువ్వులు కుట్టిన గుడ్డ కప్పడం అలవాటు. డబ్బాకీ కప్పింది కానీ, వేడెక్కుతుందని నాన్న అన్నాక తీసేసింది. సొరుగులో ఉన్న ఆ గుడ్డనే తెచ్చి పెరిజాత్ డబ్బా మీద పరిచింది.

సాయంత్రం నాన్న వచ్చి టీవీలో వెతికితే డబ్బా కనపడలేదు. వైరు మార్చాడు. రూటర్‌ని ఆపి మళ్లీ వేశాడు. ఫోన్లో ఇంటర్నెట్ వస్తోంది, డబ్బా మాత్రం లేదు. చివరికి దాని మీదున్న గుడ్డ ఎత్తి చూశాడు.

"ఏంటమ్మా ఇది! కప్పొద్దని ఎన్నిసార్లు చెప్పాను? వేడెక్కి పాడైపోయింది!"

నాయనమ్మ తెల్లబోయింది. "తీసేశాననే అనుకున్నాను నాయనా. మళ్లీ నేనే కప్పానేమో. ఈ మధ్య ఏదీ గుర్తుండి చావట్లేదు."

పెరిజాత్ బడి పుస్తకం తీసి ముఖానికి అడ్డం పెట్టుకుంది.

మర్నాడు బడి నుంచి వచ్చేసరికి టీవీ మీద గుడ్డ లేదు. కుట్టుమిషన్ మీదా లేదు. అన్నీ మడిచి పెట్టెలో పెట్టేసింది నాయనమ్మ. టీ వేళకి ఆరిపోయిన టీవీ ఎదురుగా కూర్చుంది.

"నా చేతులతో నేనే మీ తాత గొంతు నొక్కేశానే" అంది మెల్లగా.

పెరిజాత్‌కి ఏడుపు ఆగలేదు. "నువ్వు కాదు నాయనమ్మా! నేనే. ప్లగ్గు పీకింది నేనే, గుడ్డ కప్పింది కూడా నేనే!"

అప్పుడే ఇంటికొచ్చిన నాన్న గుమ్మంలో ఆగిపోయాడు. తర్వాత నాయనమ్మ దగ్గర కూర్చుని, "నిన్ను అనవసరంగా అన్నానమ్మా" అన్నాడు. పెరిజాత్ వైపు తిరిగి, "నిన్ననే చెప్పి ఉంటే మీ నాయనమ్మకి ఒక రోజు ఏడుపు తప్పేది కదే!" అన్నాడు. ఆ మాట దెబ్బకన్నా గట్టిగా తగిలింది.

కరెంటు పోవడం వల్ల పాడైందని తెలిశాక నాన్నకి దారి దొరికింది. డబ్బాను నేరుగా కంప్యూటర్‌కి తగిలించి, లోపలున్నవన్నీ ఒక్కొక్కటీ సరిచూడమని పెట్టాడు. రెండు గంటల తర్వాత అన్నీ బాగానే వచ్చాయి. ఒక్కటి తప్ప.

పెరిజాత్ మొదటిసారి బడికెళ్లిన రోజు తాతయ్య అరచేతులు చాపి ఇచ్చిన దీవెన అది. డబ్బా దాన్ని ఇంకా రాసుకుంటుండగానే కరెంటు పోయింది. ఫోన్ మాత్రం, పంపేశాను కదా అని తనలోంచి చెరిపేసుకుంది.

"నా పెరిజాత్, నీ దారి..." అంటూ మొదలైంది తాతయ్య గొంతు. ఆ తర్వాత గరగర. ఎన్నిసార్లు పెట్టినా అంతే. మిగతాది ఇక రాదని నాన్న చెప్పాడు.

ఆదివారం పెరిజాత్ పెట్టె తెరిచి గుడ్డలు బయటికి తీసింది. టీవీకీ కుట్టుమిషన్‌కీ తనే కప్పింది. తర్వాత ఫోన్లో రికార్డింగ్ మొదలుపెట్టి నాయనమ్మ ముందు కూర్చుంది.

"తాతయ్య ఆ రోజు ఏమన్నాడో నీకు గుర్తుంది కదూ? చెప్పవా?"

"నాకేం గుర్తుంటుందే!" అంది నాయనమ్మ. కానీ అరచేతులు వాటంతటవే తెరుచుకున్నాయి. "నీ దారి తెల్లగా, ఏ అడ్డూ లేకుండా ఉండాలి, నీ మాట సూటిగా ఉండాలి..."

సూటిగా అన్న మాట దగ్గర పెరిజాత్ తలొంచుకుంది. నాయనమ్మ చివరిదాకా చెప్పి, దీవెన ముగిసిందన్నట్టు చేతులతో ముఖం తుడుచుకుంది.

ఆ రికార్డింగ్ డబ్బాలోకి వెళ్తుండగా వాకిట్లో బూట్ల చప్పుడైంది. వంటింటి ఓవెన్లో రొట్టెలు కాలుతున్నాయి. పెరిజాత్ సమోవార్ పట్టుకుని ముందుగదిలోకి వచ్చింది. పచ్చదీపం మిణుకుతోంది. సమోవార్‌ని కింద పెట్టేసింది.

"అత్తా, టీకి కాస్త ఆలస్యమవుతుంది. దీపం ఆగాలి."

"ఇదెక్కడి చోద్యమే! చుట్టాల్ని టీ లేకుండా కూర్చోబెడతారా?" అత్త బుగ్గలు నొక్కుకుంది.

"కూర్చోబెడతాం. కూర్చో" అంది నాయనమ్మ.

పెరిజాత్ డబ్బా పక్కనే బాసింపట్టు వేసుకుని కూర్చుంది. దీపం మిణకడం మానేదాకా అక్కణ్నుంచి కదల్లేదు.