రెక్క తెగిన పిల్ల

నీళ్ళకు దీవెన లేని రోజులవి... క్రిస్మస్‌కీ, చర్చి గురువు సరస్సులో శిలువ విసిరి నీళ్ళను దీవించే పండుగకీ నడుమ వచ్చే ఆ రోజుల్లో పొద్దు గూకాక ఆ ఊళ్ళో ఎవరూ నీటి దరికి వెళ్ళరు. అందులోనూ అది ఆఖరి రోజు, ఆఖరి సంధ్య! సూర్యబింబం నెత్తుటి ముద్దలా పడమటి కొండల వెనక కుంగిపోతోంది. ఆకాశం ఫెళఫెళమని గర్జించింది... నడి చలికాలంలో ఉరుము! రెల్లుపొదల్లో గుడ్లగూబ భీకరంగా కూసింది.

స్తోయ్నాకు భయం వెయ్యలేదు. భయం వెయ్యాలన్నా లోపల ఏదో ఒకటి మిగిలుండాలి కదా. నెల్లాళ్ళుగా ఆమెకు ఆకలి లేదు, ఏడుపు లేదు. ఒడ్డున నిలబడి చూడడమొక్కటే ఆమె పని.

దూరాన, జాలరి గ్లిగోర్ రెల్లు దడిలో, మెడలోతు నీళ్ళలో ఆమె కూతురు నెవెనా తిరుగుతోంది. మంచుపలకలు తేలే ఆ నీళ్ళలో పందొమ్మిదేళ్ళ పిల్ల! మునుగుతుంది, చేపల్ని తరుముతుంది, తేలుతుంది. వణకదు. పిలిస్తే పలకదు. రెల్లుకట్టను చూసినట్టే కన్నతల్లినీ చూస్తుంది.

ఆ సరస్సులో చేపలు పట్టేది పక్షులతో. చలికాలం రాగానే నీటికాకుల్ని పట్టి, రెక్కల ఈకలు కత్తిరించి, రెల్లు దడుల్లో వదులుతారు. ఎగరలేని పక్షి మునిగి మునిగి చేపల్ని ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తరుముతుంది. ఆఖరి గదిలో చేరిన చేప జాలరిది. వసంతం రాగానే కత్తిరించిన ఈకల మొదళ్ళు పీకేస్తారు. పీకితేనే కొత్త ఈకలు మొలుస్తాయి, పక్షి ఎగిరిపోతుంది. తాతల నాటి ఒప్పందం అది.

గ్లిగోర్ దాన్ని ఏనాడూ పాటించలేదు. పని అయిపోగానే పక్షుల్ని కోసుకు తినేవాడు. పక్షులు మాత్రం మట్టిబుర్రలా? అతడి దడిలో ఈదడం మానేశాయి. పస్తులున్నాడు, ఊరిమీద పగబట్టాడు, చివరకు క్షుద్రోపాసనకు దిగాడు. శ్మశానంలోంచి పుర్రె తవ్వి తెచ్చాడు. వలలు ఆరేసి ఎండలో కునుకు తీస్తున్న నెవెనా జడ మొదలంటా కత్తిరించుకుపోయాడు. ఆనాటి నుంచి ఆ పిల్ల అతడి పక్షి! రేపు శిలువ నీళ్ళను తాకేలోగా ఆ పిల్లను లోపల ఉంచి ఆఖరి గది తలుపు మూశాడా... ఆమె ఎప్పటికీ సరస్సు అడుగున ఉండే నీటిదొర సొత్తు. బదులుగా గ్లిగోర్‌కు బతికినంతకాలం చేపలు.

"పడవ ఇవ్వు ట్రాయ్‌కో," అంది స్తోయ్నా.

"ఇప్పుడా? మతుండే మాట్లాడుతున్నావా వదినా?" పొరుగింటి జాలరి ట్రాయ్‌కో రాకియా సారా సీసా చంకలో ఇరికించుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. "మొన్న నేనటు వెళ్తే వాడేదో గొణిగాడు. అంతే, ఈ చెయ్యి పడిపోయింది! సూది గుచ్చినా తెలిస్తే ఒట్టు. పక్షైతే మొదళ్ళు పీకి వదిలేస్తాం. పిల్లనేం చేస్తాం చెప్పు?"

ఆమె అతడి వంక తిరిగింది. నెల్లాళ్ళలో మొదటిసారి ఆ కళ్ళలో చలనం వచ్చింది.

"అదే చేస్తాం," అని పడవ నీళ్ళలోకి తోసింది.

దడి మధ్య గుంజల మీద గ్లిగోర్ గుడిసె! అరుగు మీద పుర్రె... దాని కంటి గుంతల్లో ఎర్రని దీపాలు... నోట్లో నల్లని జడ! సగం గడ్డం కత్తిరించుకున్న ఆ వికృతరూపుడు ఆమెను చూసి పగలబడి నవ్వాడు.

"ఇంకో పక్షి తనంతట తనే వచ్చింది దొరా!"

"నోర్ముయ్యరా, పక్షుల్ని తిన్నోడా! పిల్లికి నయం, తిన్నాక మూతైనా తుడుచుకుంటుంది."

"అరుచుకో! నీ కూతురి జడా, నా గడ్డం కలిపి ముడేశాను. దొర దగ్గర తాకట్టు పెట్టాను. అదిక నా మాట తప్ప వినదు!"

మంత్రం జపిస్తూ అతడు ఆఖరి తలుపు లాగసాగాడు. స్తోయ్నా పడవలోంచి వంగి, ఆ గదిలో తేలుతున్న కూతురి చొక్కా కాలరు పట్టుకుంది. గ్లిగోర్ చెయ్యి ఆమె వైపు చాచాడు. ఆమె వేళ్ళు మొద్దుబారాయి, తర్వాత అరచేతులు, తర్వాత మోచేతులు... పట్టుకున్నదేమిటో కూడా తెలియడం లేదు. చూసి పట్టుకోవాల్సి వస్తోంది!

చూస్తూనే నెవెనా మెడ మీది మోడు జుట్టు పిడికిట బిగించి, కుదుళ్ళతో సహా పీకింది. నెత్తురు చిమ్మింది. పిల్ల కనురెప్ప కదలలేదు. మళ్ళీ పీకింది. కన్నబిడ్డ జుట్టు అలా పీకే తల్లి ఉంటుందా? తన చేతులు తనవి కానందుకు ఆ క్షణాన ఆమె దేవుడికి దండం పెట్టుకుంది. మూడోసారి...

"అమ్మా!!" నెవెనా కెవ్వుమంది. "నొప్పి! వదులమ్మా!"

ఫెటేలున పుర్రె పగిలింది! ముడిలోని నల్లని జడ భగ్గున మండి బూడిదైంది. మిగిలింది గ్లిగోర్ గడ్డం ఒక్కటే. దడిలోని నీళ్ళు సుడి తిరిగి అరుగు దాకా లేచాయి.

"నేను కాదు దొరా! నేను జాలరిని! నేను..."

మాట సగంలో ఆగిపోయింది. అతడి కళ్ళలో వెలుగు ఆరిపోయింది. పక్కమీదికి ఎక్కినంత తాపీగా గ్లిగోర్ నీళ్ళలోకి దిగాడు. మునిగాడు, తేలాడు, చేపల్ని తరిమాడు. ఆఖరి గదిలోకి అతడు చేరగానే తలుపు దానంతటదే మూసుకుంది.

ఇంట్లో ఇనుప పొయ్యి ఎర్రగా కాలుతోంది. చలి వదులుతున్న కాళ్ళను చూసుకుని నెవెనా గుక్కపెట్టి ఏడుస్తోంది.

"చచ్చిపోతున్నానమ్మా! నిప్పుల్లో పెట్టినట్టుంది!"

"ఏడు తల్లీ, బాగా ఏడు," అంది స్తోయ్నా. ఆ ఏడుపు వింటుంటే ఆమెకు కడుపు నిండినట్టుంది. పొయ్యి పక్కనే కూర్చుని, కూతురి మొహంలోంచి చూపు తిప్పకుండా నవ్వింది.

నెవెనా ఏడుపు ఠక్కున ఆగింది. గదిలో ఏదో మాడిన వాసన.

"అమ్మా... చెయ్యి! నీ చెయ్యి!"

స్తోయ్నా తల తిప్పి చూసింది. పొయ్యి మీద ఆన్చి ఉన్న అరచేతిని మెల్లగా తీసింది. తోలు సగం ఇనుముకే అంటుకుపోయింది.

"నీకు తగల్లేదు కదా?" అని అడిగింది.