లోపలి మెషీన్‌లో గొంతు

పుస్తకాలు చదివి రికార్డు చేసేవాళ్ళ గొంతుల్లోంచి దగ్గులు, ఫ్యాను రొదలు, కుర్చీ కిర్రులు ఏరి పారేయడం ఆయన పని. బియ్యంలో రాళ్ళు ఏరడం లాంటిదే, కాకపోతే చెవులతో. ఇరవై ఏళ్ళుగా అలవాటైన పాత సాఫ్ట్‌వేర్ కొత్త కంప్యూటర్లో నడవనని మొండికేస్తే, దాని కోసం ఆ కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్ పెట్టుకున్నాడు. వర్చువల్ మెషీన్ అంటారు దాన్ని. ఇంట్లో ఒక గది అద్దెకిచ్చినట్టే. దాని గది దానిది, దాని గొడవ దానిది.

ఆ రెంటి శబ్దాలనూ ఆయన విడదీశాడు. లోపలి మెషీన్ శబ్దం హెడ్‌ఫోన్లోకి, అదీ ఎడమ చెవికే. బయటి కంప్యూటర్ శబ్దం బల్ల మీది స్పీకర్లోకి. ఆ స్పీకర్లో వచ్చేది ఒక్కటే, పక్క గదిలో మంచం పట్టిన అత్తగారి ఊపిరి. ఆవిడ తలగడ దగ్గర మైకు పెట్టాడు. లోపలి మెషీన్‌కి మాత్రం ఏ మైకూ ఇవ్వలేదు. ఎందుకైనా మంచిదని రెంటినీ వేరువేరు ట్రాకులుగా రికార్డు చేసేవాడు, అది వృత్తి నేర్పిన అలవాటు.

ఇవన్నీ చేతులు కాలాక పట్టుకున్న ఆకులే. రెండేళ్ళ క్రితం ఆయన భార్య వంటింట్లో కుప్పకూలి ప్రాణం విడిచింది. ఆ సమయానికి ఆయన రెండు చెవులకూ హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఎవరిదో దగ్గు చెరుపుతున్నాడు. "నాలుగైదుసార్లు పిలిచిందండీ. ఇంట్లో మీరున్నారు కదా అనుకున్నా," అంది తర్వాత పక్కింటావిడ. ఆ మాట ఆయన్ని ఇప్పటికీ కాల్చుకు తింటోంది. అత్తగారి విషయంలో మళ్ళీ అలా జరగకూడదు. ఆయనకు మిగిలిన పంతం అదొక్కటే.

"నా గురక కూడా వింటున్నారా బాబూ?" అని మైకులోకి వెక్కిరించేది పెద్దావిడ.

"వింటున్నానత్తయ్యా. మంచి రాగం మీద ఉంది."

"అయితే దాన్నీ పుస్తకంలో కలిపేయండి, పడుంటుంది."

ఆ మధ్యాహ్నం వాన పట్టుకుంది. కిటికీ పైని రేకు మీద చినుకులు అత్తగారి మైకులో పడి, స్పీకర్ నిండా హోరు. సాయంత్రానికి పని అప్పజెప్పాలి. చదివినామె ఊపిరి తీసిన చోటల్లా సన్నటి ఈల ఒకటి వస్తోంది. ఆ హోరులో అది పట్టుబడటం లేదు. "ఐదంటే ఐదు నిమిషాలు," అనుకుని స్పీకర్ పూర్తిగా తగ్గించాడు. రెండో చెవి మీదికీ హెడ్‌ఫోన్ జరుపుకున్నాడు.

గది నిశ్శబ్దమైపోయింది. తడిసిన గోడల వాసన వస్తోంది. హెడ్‌ఫోన్లో ఎవరో మెల్లగా "ఊఁ..." అన్నారు.

చదివినామె గొంతు కాదది. ఆమె చదువుతున్న రికార్డు ఆపేశాడు.

"ఏమండీ... ఒక్కసారి రండి."

చివర్లో కాస్త సాగే ఆ 'రండి'ని పదిమందిలో ఉన్నా పోల్చుకోగలడు. లోపలి మెషీన్‌నే మూసేశాడు. దాని తెర నల్లబడింది. ఇక హెడ్‌ఫోన్లోకి ఏ శబ్దమూ రాకూడదు.

"వింటున్నారా?"

లేచి పరుగెత్తమని ఒళ్ళంతా చెబుతోంది. కానీ హెడ్‌ఫోన్ తీస్తే... ఆ గొంతు మళ్ళీ దొరుకుతుందా? దాని కోసం పాత ఫోన్లన్నీ వెతికాడు. ఒక్క ముక్క దొరకలేదు. ఊళ్ళోవాళ్ళ గొంతులన్నీ దాచిన మనిషి, భార్యది దాచుకోలేదు. నోరు మెదిపితే ఆగిపోతుందేమోనని పలకలేదు. కన్నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. కదలకుండా కూర్చుని విన్నాడు.

కాసేపటికి అదీ ఆగిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది స్పీకర్ సంగతి. పెంచాడు. వాన... వాన తప్ప ఏమీ లేదు.

అత్తగారు గుమ్మం వైపు తిరిగి పడుకుని ఉంది. ఒళ్ళింకా వెచ్చగానే ఉంది. ఊపిరి లేదు.

వారం రోజులు ఆయన కంప్యూటర్ ముట్టుకోలేదు. ఎనిమిదో రోజు పొద్దున, తన తప్పు ఎంతదో తెలుసుకుని తీరాలని, ఆనాటి ట్రాకులు తెరిచాడు. మెషీన్ మూసేసిన క్షణంలో లోపలి ట్రాకు ఆగిపోవాలి. ఆగలేదు.

ముందు అత్తగారిది విన్నాడు. వాన హోరు కింద ఆయాసపడుతున్న గొంతు, మాటకూ మాటకూ మధ్య ఖాళీ. ఆ ఖాళీలు ఎందుకో మరీ పొడుగ్గా ఉన్నాయి. రెండు ట్రాకులూ ఒకదాని కింద ఒకటి పెట్టి, కలిపి వదిలాడు.

"బాబూ... ఊపిరాడటం లేదు... ఎవరూ... నువ్వా తల్లీ?"

"ఊఁ..."

"మీ ఆయన్ని పిలువమ్మా."

"ఏమండీ... ఒక్కసారి రండి."

"రావడం లేదే..."

"వింటున్నారా?"

ఆయన తల పట్టుకున్నాడు. కూతురు పిలిచింది తల్లి కోసం. తను మాత్రం గొంతు వింటూ కూర్చున్నాడు. ఏడుపు తన్నుకొస్తుంటే, ట్రాకులు ఆపేయడానికి చెయ్యి చాచాడు.

అప్పుడు లోపలి ట్రాకులో ఒక మగ గొంతు పలికింది. ఆ రోజు హెడ్‌ఫోన్లో ఆయనకు వినిపించని గొంతు.

"వచ్చేశానత్తయ్యా. చెయ్యి ఇలా ఇవ్వండి."

"అమ్మయ్య," అంది అత్తగారు బయటి ట్రాకులో. "భయమేసింది బాబూ."

ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. వేల గొంతులు విన్న చెవులవి, పొరబడవు. ఆ గొంతు తనదే.

ఆ తర్వాత, మూడు జతల అడుగులు నెమ్మదిగా గుమ్మం దాటి వెళ్ళిపోయిన చప్పుడు. ఆపైన వాన.